శిక్షణకు సొమ్మిస్తామంటే ముందు ఏమడగాలి?

ప్రశ్న: మాది బెంగళూరు మారతహళ్లి ప్రాంతంలోని తెలుగు మహిళల సంఘం. కర్ణాటక సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై పదకొండేళ్లయింది, 140 మంది సభ్యులం ఉన్నాం. ఉగాది వేడుక, సంక్రాంతి ముగ్గుల పోటీ, ఏడాదికొక వైద్య శిబిరం, పేద పిల్లలకు ట్యూషన్లు మా పనులు. ఈ ఏడాది యువతులకు, ముఖ్యంగా పీజీ హాస్టళ్లలో ఉంటూ కొత్తగా ఉద్యోగాల్లో చేరినవారికి నాయకత్వ శిక్షణ ఇవ్వాలని అనుకున్నాం. ఫోన్ ద్వారా అప్పులిచ్చే ఒక సంస్థ తన సామాజిక బాధ్యత నిధుల నుంచి పది లక్షలు ఇస్తామని ముందుకొచ్చింది. శిక్షణకు వచ్చే ప్రతి ఒక్కరూ తమ యాప్ దించుకోవాలని, వేదిక మీద తమ ప్రతినిధికి అరగంట ఇవ్వాలని, శిక్షణ పొందినవారు తమ తమ హాస్టళ్లలో, అపార్ట్‌మెంట్లలో పదేసి మందికి యాప్ గురించి చెప్పాలని వారి షరతులు. మంచి పనికే కదా, ఎవరి డబ్బైతే ఏమిటని కమిటీలో సగం మంది అంటున్నారు. మా కోశాధికారి మాత్రం సంతకం పెట్టనంటున్నారు. ఎవరి మాట సబబు? బడ్జెట్ కాగితం జతచేస్తున్నాను.
– సంఘ కార్యదర్శి, బెంగళూరు

జవాబు: మీ కోశాధికారి మాటే సబబు. ఆమెను ఒప్పించే ప్రయత్నం మానుకుని, ఆమె ఎందుకు వద్దంటున్నారో మినిట్స్ పుస్తకంలో రాయించండి. రేపు ఎవరైనా అడిగితే సంఘానికి అండగా నిలిచేది ఆ పేరాయే.

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఏ ఏడాదికైనా దాని ముందటి ఆర్థిక సంవత్సరంలో 500 కోట్ల రూపాయల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉన్న కంపెనీ, గడచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. దేనికి ఖర్చు పెట్టవచ్చో ఆ చట్టంలోని ఏడో షెడ్యూలు చెబుతుంది. విద్య, ఉపాధి నైపుణ్యాలు, స్త్రీ పురుష సమానత్వం, మహిళా సాధికారత అందులో ఉన్నాయి కాబట్టి యువతుల నాయకత్వ శిక్షణకు చోటు దొరుకుతుంది. ఇంతవరకు మీ కమిటీలోని ఆ సగం మంది వాదనలో తప్పు లేదు.

ఇబ్బంది షరతులతో మొదలవుతుంది. 2021 జనవరిలో సవరించిన నియమాలు ఏది సామాజిక బాధ్యత కాదో స్పష్టంగా చెప్పాయి. కంపెనీ మామూలుగా చేసుకునే వ్యాపారంలో భాగమైనది కాదు. తన సరుకుకో సేవకో ప్రచారం రావాలని స్పాన్సర్ చేసేది కూడా కాదు. శిక్షణకు వచ్చిన ప్రతి అమ్మాయి చేతా యాప్ దించించడం, ఆమె చేత మరో పదిమందికి చెప్పించడం ఈ రెండింటి కిందకూ వస్తాయి. లెక్క కట్టి చూడండి: వంద మంది అమ్మాయిలు, తలా పదిమంది, మొత్తం పదకొండు వందల మందికి యాప్ చేరుతుంది. కమీషన్ ఏజెంట్లను పెట్టుకుని అదే పని చేయిస్తే ఎంతవుతుందో ఆ సంస్థ మార్కెటింగ్ విభాగానికి బాగా తెలుసు. మీకు ఇస్తామంటున్నది విరాళమన్న భ్రమ వద్దు. మీ సంఘానికి పదకొండేళ్లుగా ఉన్న మంచిపేరును వారు పది లక్షలకు అద్దెకు అడుగుతున్నారు.

స్పాన్సర్‌షిప్ తీసుకోవడం నేరమేమీ కాదు. అలా తీసుకుంటే దానిని ఆ పేరుతోనే పిలవాలి, లెక్కల్లో ఆ పద్దు కిందే చూపాలి, జీఎస్టీ సంగతి మీ ఆడిటరుతో మాట్లాడుకోవాలి. దాతకు కృతజ్ఞతగా పేరు మాత్రం రాసి, వారి వ్యాపారం గురించి ఏమీ చెప్పకపోతే అది ప్రకటన కాదని, దానికి జీఎస్టీ పడదని 2019 అక్టోబరులో కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. గుడి గోడ మీద దాత పేరు చెక్కించడం వంటిదన్నమాట. అదే గోడ మీద ‘రెండు నిమిషాల్లో అప్పు’ అని రాయిస్తే అది వ్యాపార ప్రకటన అవుతుంది.

వారు షరతులు వదులుకుని నిజంగానే సామాజిక బాధ్యత సొమ్ము ఇస్తామన్నారనుకుందాం. అప్పుడు మీ వైపు కాగితాలు చూసుకోవాలి. కంపెనీ తానే స్థాపించుకోని సంస్థ ద్వారా ఈ సొమ్ము ఖర్చు చేయించాలంటే ఆ సంస్థకు 12ఎ (సంఘం ఆదాయానికి మినహాయింపు), 80జి (దాతకు మినహాయింపు) అని మనం అలవాటుగా పిలిచే ఆదాయపు పన్ను నమోదులు, అటువంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్-1 (సీఎస్ఆర్ అంటే కంపెనీల సామాజిక బాధ్యత) అనే ఫారం కూడా నింపి నమోదు సంఖ్య పొందాలి. పదకొండేళ్ల సంఘమైనా, ముగ్గుల పోటీల అనుభవం నాయకత్వ శిక్షణకు లెక్కకు రాదు. పిల్లల ట్యూషన్లు కొంత వరకు అక్కరకు రావచ్చు కాబట్టి వాటి హాజరు పట్టీలు, ఫోటోలు, ఖర్చు రసీదులు ఇప్పుడే ఒకచోట చేర్చుకోండి. సభ్యత్వం ఒక కులానికో మతానికో పరిమితమని నియమావళిలో ఎక్కడైనా ఉంటే 80జి విషయంలో చిక్కే. ఈ ఊళ్లో మన సంఘాలు ఎన్నింటిలో ఈ సంగతి పైకి రాయకుండానే నడుస్తుందో నాకూ తెలుసు, మీకూ తెలుసు. మహిళల కోసం అని ఉండడానికి మాత్రం అభ్యంతరం లేదు. అయితే శిక్షణ మీ 140 మంది సభ్యుల కుటుంబాలకే కాక బయటి అమ్మాయిలకు కూడా తెరిచి ఉండాలి.

ఇక బడ్జెట్ కాగితం. హోటల్ హాలు, భోజనాలు 4,20,000, ప్రేరణోపన్యాసకుడికి 2,00,000, శాలువాలు, జ్ఞాపికలు 1,10,000, ఫోటోలు, వీడియో, బ్యానర్లు 1,20,000, సంచులు, పుస్తకాలు 90,000, ‘ఇతరములు’ 60,000. కూడిక సరిగ్గానే ఉంది, పది లక్షలకు రూపాయి తేడా లేదు. కానీ ఇందులో శిక్షణ ఎక్కడుందో నాలుగుసార్లు వెతికాను. ఒక్కరోజు సభకు ఇది పెళ్లి ఖర్చులాగా ఉంది. ఒక్కసారితో ముగిసిపోయే మారథాన్లు, అవార్డు సభల వంటివి సామాజిక బాధ్యత ఖర్చు కిందకు రావని 2014 జూన్‌లోనే కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ చెప్పింది. కాలవ్యవధి, లక్ష్యం ఉన్న ప్రాజెక్టుగా నడవాలన్నది దాని ఉద్దేశం. ఏళ్లుగా లెక్కల పుస్తకాలు చూస్తున్నవాడిని కాబట్టి ఒక మాట చొరవగా అంటాను: శాలువాల పద్దు కొట్టేయండి. కప్పించుకునేవారు నొచ్చుకుంటారేమో గానీ శిక్షణకు వచ్చిన అమ్మాయిలు నొచ్చుకోరు.

నాయకత్వం హోటల్ హాల్లో పుడుతుందన్న నమ్మకం మనకెక్కడి నుంచి వచ్చిందో తెలియదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు పాఠం చదువుకుని, సారా గురించి మాట్లాడుకుని, ఊళ్లోకి సారా బండి రానివ్వలేదు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. ఆ జిల్లాలోనే రోజుకు రూపాయి చొప్పున దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. వక్తకు రెండు లక్షలివ్వలేదు, వాచకం ఒకటే ఉంది. అది తమ బతుకుకు సంబంధించిన పాఠం కావడం వల్ల పనిచేసింది.

మీ అమ్మాయిల బతుకుకు సంబంధించిన పాఠం వారి ఫోన్లోనే ఉంది. ఒక ఉదాహరణ చెబుతాను, మొదటి శనివారం పాఠంగా వాడుకోండి. ఒకమ్మాయి ముప్పై రోజులకు 10,000 అప్పు తీసుకుంది. వడ్డీ నెలకు 2 శాతమే అని తెర మీద పెద్ద అక్షరాల్లో ఉంది. ప్రాసెసింగ్ రుసుము 900, దాని మీద జీఎస్టీ 162 ముందే పట్టుకుని 8,938 ఖాతాలో వేశారు. నెల తిరిగేసరికి 10,200 కట్టాలి. అంటే చేతికొచ్చిన 8,938 మీద నెలకు 1,262 ఖర్చు. అది నెలకు 14 శాతం పైమాట, సాధారణ వడ్డీ లెక్కన ఏడాదికి 172 శాతం దగ్గరకు వస్తుంది. ఊళ్లో నూటికి పది వడ్డీకి తిప్పేవాడిని మనం ఎన్ని తిట్టేవాళ్లం!

ఈ లెక్క దాచకూడదనే రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో డిజిటల్ అప్పులకు మార్గదర్శకాలు తెచ్చి, 2025 మేలో వాటన్నిటినీ కలిపి కొత్త ఆదేశాలు ఇచ్చింది. అప్పు మీద అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతమవుతుందో కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే పత్రంలో ముందే చూపాలి. 2024 అక్టోబరు నుంచి ఆ పత్రం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. యాప్ మన ఫోన్లోని కాంటాక్టుల జాబితాను, ఫోటోలను, కాల్ వివరాలను తాకకూడదు. సొమ్ము మధ్యవర్తి ఖాతా గుండా కాకుండా నేరుగా మన ఖాతాలో పడాలి. తీసుకున్నాక మనసు మారితే, నిర్దేశించిన గడువులోగా అసలు, ఆ కొద్ది రోజుల ఖర్చు కట్టి అపరాధ రుసుము లేకుండా బయటపడే వీలుండాలి. బ్యాంకులు, బ్యాంకులు కాని ఆర్థిక సంస్థలు (ఎన్‌బీఎఫ్‌సీలు) తమ తరఫున ఏయే యాప్‌లు నడుస్తున్నాయో రిజర్వు బ్యాంకుకు తెలపాలి. ఆ జాబితా రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తుంది. మీ దగ్గరికి వచ్చిన సంస్థ యాప్ అందులో ఉందో లేదో చూశారా? ఈ పని షరతుల చర్చ కంటే ముందు జరగవలసింది.

అందుచేత నా సలహా ఇది. ఆ సంస్థకు మర్యాదగా ఒక ఉత్తరం రాయండి. యాప్ దించుకోవాలన్న షరతు, ప్రచారం షరతు తీసేయమనండి. అరగంట ప్రసంగానికి బదులు వారి ఫిర్యాదుల అధికారిని పంపమనండి. అమ్మాయిలు ముందుగా రాసిచ్చిన ప్రశ్నలకు ఆయన గానీ ఆమె గానీ జవాబులు చెప్పాలి. వారి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తెలుగు ప్రతిని ఉత్తరంతో పాటు పంపమనండి. ఒప్పుకుంటే సొమ్ము తీసుకోండి. అప్పుడు ముప్పై మంది అమ్మాయిలకు ఆరు నెలలు, పదిహేను రోజులకొక శనివారం, మీరు ట్యూషన్లు చెప్పే గదిలోనే శిక్షణ నడపవచ్చు. సభ నడపడం, తీర్మానం రాయడం, జమాఖర్చు చదవడం, బ్యాంకుకు ఫిర్యాదు రాయడం, మోసపోయినప్పుడు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలుసుకోవడం, కమిటీలో పెద్దవాళ్లు కాదన్నప్పుడు గొంతు పెంచకుండా కారణం అడగడం అందులో పాఠాలు. శిక్షణ పూర్తయినవారిలో ఇద్దరిని మీ కార్యవర్గంలోకి తీసుకుంటామని ముందే తీర్మానం చేయండి. ఉపాధ్యక్షురాలి పదవి కాదు, చెక్కు మీద సంతకం పెట్టే పదవి. పదకొండేళ్లలో మీ కార్యవర్గం ఎన్నిసార్లు మారిందో మీ ఉత్తరంలో లేదు, అడగను కూడా.

ఆ సంస్థ ఒప్పుకోకపోతే ఈ శిక్షణకు పది లక్షలు అక్కర్లేదని మీకే తెలుస్తుంది. లక్షన్నరలో నడుస్తుంది. 140 మంది తలా వెయ్యి వేసుకుంటే దాదాపు సరిపోయే మొత్తమది.

ప్రశ్న: అమెరికాలో డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి అక్కడ సొరోరిటీ అనే విద్యార్థినుల సంఘంలో చేరింది. చందా కాక, నాయకత్వ శిబిరానికి వేరే రుసుమని, దానిలో కొంత వారి ఫౌండేషన్ భరిస్తుందని అంటోంది. ఇదేమి ఏర్పాటో నాకు అర్థం కాలేదు. పైగా ఆ అమ్మాయిలంతా కలిసి మూడు వేల డాలర్లు పోగుచేసి, నేను పనిచేసే జయనగర్ మహిళా సంఘానికి పంపుతామంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక తల్లి, జయనగర్

జవాబు: మొదటిదానికి వివరణ ఇస్తాను, రెండోదానికి మీరు కోరుకోని జవాబు ఇవ్వక తప్పదు.

సొరోరిటీ అంటే అక్కచెల్లెళ్ల సంఘం వంటిది. గ్రీకు అక్షరాల పేర్లు పెట్టుకుంటారు, కలిసి ఒకే ఇంట్లో ఉండడమూ ఉంటుంది, చదువయ్యాక కూడా బంధం కొనసాగుతుంది. వీటిలో కొన్నింటికి గట్టి చరిత్ర ఉంది. వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థినులు 1908లో ఆల్ఫా కప్పా ఆల్ఫాను, 1913లో డెల్టా సిగ్మా తీటాను స్థాపించారు. డెల్టా సభ్యులు అదే ఏడాది మార్చిలో వాషింగ్టన్ వీధుల్లో జరిగిన మహిళల ఓటుహక్కు ఊరేగింపులో నడిచారు.

డబ్బు విషయంలో వారిది రెండు డబ్బాల పద్ధతి. అక్కడి పన్ను చట్టంలో సంఘం సాధారణంగా 501(సి)(7) కింద, అంటే క్లబ్బుగా నమోదవుతుంది. దానికిచ్చే చందాకు పన్ను మినహాయింపు ఉండదు. దాని పక్కనే 501(సి)(3) కింద ధర్మసంస్థగా ఒక ఫౌండేషన్ ఉంటుంది. దానికిచ్చే విరాళానికి మినహాయింపు ఉంటుంది కాబట్టి ఆ సొమ్ము చదువుకు, శిక్షణకే పోవాలి, విందులకు పోకూడదు. మీ అమ్మాయి శిబిరంలో పాఠాల భాగానికి ఫౌండేషన్ ఇస్తుంది, వినోదాల భాగం తామే కట్టుకోవాలి. పై ఉత్తరంలోని బడ్జెట్ కాగితానికి ఈ పద్ధతి పెడితే ఎంత మిగులుతుందో చూడండి. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆల్ఫా కప్పా ఆల్ఫా వారు 2023లో సభ్యులే యజమానులుగా డిజిటల్ క్రెడిట్ యూనియన్ పెట్టుకున్నారు. ఆర్థిక సంస్థల దగ్గర సాయం అడగడానికి బదులు తామే ఒక ఆర్థిక సంస్థ అయ్యారు. మనవాళ్లకు ఇది మరీ కొత్తేమీ కాదు. పొదుపు సంఘాల సమాఖ్యలు, ప్రభుత్వం కలిసి 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీనిధిని స్థాపించినప్పుడు ఆలోచన ఇలాంటిదే.

ఇక మూడు వేల డాలర్లు. మీ సంఘానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010, అంటే ఎఫ్‌సీఆర్ఏ కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకపోతే ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. మొత్తం చిన్నదన్న మినహాయింపు లేదు. నమోదు కావాలంటే మామూలుగా మూడేళ్లుగా పనిచేస్తూ, ఆ మూడేళ్లలో ప్రధాన కార్యక్రమాల మీద 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. విదేశీ సొమ్ము న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే ముందుగా పడాలి. నమోదున్న మరో సంస్థకు పంపించి, వారి దగ్గర నుంచి మనం తీసుకుందామన్న దారిని 2020 సవరణ మూసేసింది. ఆ సంస్థ తానే స్వయంగా కార్యక్రమం నడిపితే మాత్రం అభ్యంతరం లేదు.

మీ అమ్మాయి భారత పౌరురాలిగానే ఉండి, తాను సంపాదించి దాచుకున్నది తన బ్యాంకు ఖాతా నుంచి పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే, భారత సంతతికి చెందిన విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అవుతుంది. ‘స్నేహితురాళ్ల సొమ్మంతా నా ఖాతాలో వేయించుకుని నేనే పంపుతా’ అని ఆమె అంటే వద్దని చెప్పండి. తల్లి మాట వింటుందో లేదో గానీ, ఈ ఒక్క విషయంలో వినితీరాలి.

ప్రశ్న: కోరమంగళలో ఒక చెల్లింపుల సంస్థలో పనిచేస్తున్నాను. మా మహిళా ఉద్యోగుల బృందానికి నాయకత్వ కోర్సు ఇప్పించమంటే, సామాజిక బాధ్యత నిధుల నుంచి చూద్దామన్నారు. కుదురుతుందా?
– ఒక ఉద్యోగిని

జవాబు: కుదరదు. సొంత ఉద్యోగుల ప్రయోజనానికి చేసేది సామాజిక బాధ్యత కిందకు రాదని నియమాల్లోనే ఉంది. మీ కోర్సుకు శిక్షణ బడ్జెట్ నుంచి ఇవ్వాలి. ఇవ్వడం ఇష్టం లేనప్పుడు చెప్పే మర్యాదైన మాట మీరు విన్నది. ఇంకా ఒకటి, కొత్త తరం ఆర్థిక సాంకేతిక సంస్థల్లో కొన్నింటికి ఏళ్ల తరబడి నష్టాలే. మూడేళ్ల సగటు లాభమే లేకపోతే 2 శాతం అన్న ప్రశ్న రాదు, కాబట్టి మీ సంస్థకు అసలు అలాంటి నిధి ఉందో లేదో వార్షిక నివేదికలో చూడండి.

మీ బృందం చేయగలిగినది వేరే ఒకటుంది. మీ యాప్‌లో భాష తెలుగో కన్నడమో ఎంచుకుని, తప్పు ఖాతాకు డబ్బు పోయిందన్న ఫిర్యాదు మొదటి నుంచి చివరి దాకా నమోదు చేసి చూడండి. ఎన్నో తెర దగ్గర భాష ఇంగ్లీషులోకి మారిపోయిందో, మనిషితో మాట్లాడే బటన్ ఎక్కడ దాగి ఉందో రాసుకుని, పదిమంది సంతకాలతో ఉత్పత్తి విభాగం అధిపతికి ఇవ్వండి. ఏం జవాబు వచ్చిందో నాకు రాయండి, మీ పేరు లేకుండా ఈ శీర్షికలోనే వేస్తాను.